గాజు పోగు చెవి: ఉక్కులో పుట్టే పగులును కాంతితో వినే విద్య

కుమ్మరి దగ్గర కుండ కొనేవారు దాన్ని చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో ఒకసారి కొట్టి చూస్తారు. కంగుమంటే బేరం ఆడతారు. బొంగురుగా పలికితే మారుమాట లేకుండా కింద పెట్టేస్తారు. కంటికి ఆనని బీటను చెవి పట్టేస్తుంది. రైల్వే స్టేషన్లలో పొడవాటి సుత్తితో బండి చక్రాలను ఒక్కొక్కటిగా తట్టుకుంటూ వెళ్లిన ఉద్యోగులు చేసినదీ ఈ పనే. చక్రం ఎలా మోగుతుందో వారికి తెలుసు, ఎలా మోగకూడదో అంతకంటే బాగా తెలుసు.

వంతెనలు, విమానాల రెక్కలు, అణు విద్యుత్ కేంద్రాల గొట్టాలు, గ్యాస్ నిల్వ చేసే పీపాల విషయంలో ఇంజినీర్లు నేటికీ ఆధారపడుతున్నది ఈ సూత్రంపైనే. కాకపోతే ఇక్కడ మోత మనిషి చెవికి అందదు. సెకనుకు 20 వేల కంపనాలు దాటిన శబ్దాన్ని అతిధ్వని లేదా అల్ట్రాసౌండ్ అంటారు. లోహాల్లోని లోపాలను వెతకడానికి వాడేది ఎక్కువగా లక్ష నుంచి కొన్ని పదుల లక్షల కంపనాల మధ్య ఉండే తరంగాలు. భారతీయ రైల్వే పట్టాలను, ఇరుసులను క్రమం తప్పకుండా అతిధ్వనితో పరీక్షిస్తుంది. హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయంలో తయారయ్యే ఇంధన గొట్టాలకూ ఈ పరీక్ష తప్పనిసరి. అయితే ఇవన్నీ మనిషి పరికరం తీసుకుని వెళ్లి చేసే పరీక్షలు. రెండు పరీక్షల నడుమ ఏం జరిగిందో చెప్పేవారు ఉండరు. ఆ ఖాళీని పూరించాలంటే నిర్మాణానికే శాశ్వతంగా ఒక చెవిని అతికించాలి. ఆ చెవిని ఆప్టికల్ ఫైబర్‌తో, అంటే టెలిఫోన్ మాటలను, ఇంటర్నెట్‌ను మోసుకొచ్చే గాజు పోగుతోనే తయారు చేయవచ్చని కొన్ని దశాబ్దాలుగా ప్రయోగశాలలు నిరూపిస్తూ వస్తున్నాయి. దాన్ని ఎలా రూపొందించాలన్నది మాత్రం అనుకున్నంత సులువైన ప్రశ్న కాదు.

రెండున్నర మిల్లీమీటర్ల లోపం

1967 డిసెంబరు 15 సాయంత్రం అమెరికాలో ఒహాయో నదిపై ఉన్న సిల్వర్ బ్రిడ్జి వాహనాలతో కిక్కిరిసి ఉండగా కుప్పకూలింది. 46 మంది మరణించారు. దర్యాప్తులో తేలిన కారణం వింతగా అనిపిస్తుంది. వంతెనను వేలాడదీసిన ఉక్కు బద్దీల గొలుసులో ఒకే ఒక్క బద్దీలో, దాని కంటిరంధ్రం అంచున, సుమారు రెండున్నర మిల్లీమీటర్ల లోతు పగులు ఏర్పడింది. 1928లో కట్టిన ఆ వంతెనలో ఆ పగులు ఉన్న చోటును బద్దీలను విప్పకుండా కంటితో చూసే వీలే లేదు.

2018 ఆగస్టు 14న ఇటలీలోని జెనోవా నగరంలో మొరాండి వంతెన కూలి 43 మంది చనిపోయారు. అక్కడ బరువు మోసే ఉక్కు తీగలను తుప్పు నుంచి కాపాడాలనే ఉద్దేశంతో కాంక్రీటులో కప్పేశారు. ఆ రక్షణ కవచమే లోపల ఏం జరుగుతోందో కనబడకుండా చేసింది.

మన దేశంలో 2022 అక్టోబరు 30న గుజరాత్‌లోని మోర్బీలో తీగల వంతెన తెగి 130 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. దానిపై ఏర్పాటైన ప్రత్యేక దర్యాప్తు బృందం ప్రాథమిక నివేదిక ప్రకారం, ప్రధాన కేబుళ్లలో ఒకదానిలో ఉన్న 49 తీగల్లో 22 తుప్పు పట్టి, ప్రమాదానికి ముందే తెగిపోయి ఉండవచ్చు. ఉక్కు తీగ తెగడం నిశ్శబ్దంగా జరిగే పని కాదు. బిగువులో ఉన్న తీగ తెగిన ప్రతిసారీ కేబుల్ పొడవునా ఒక కుదుపు, దానితోపాటు అతిధ్వని తరంగం పరుగెత్తుతాయి. అలాగని, సెన్సర్లు ఉంటే మోర్బీ ప్రమాదం జరిగేది కాదని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. అక్కడ లేజర్ల అవసరమే లేదు, కేబుల్‌ను దగ్గరగా చూసే రెండు కళ్లు చాలేవి. సెన్సర్ల అసలు అవసరం కళ్లు చేరలేని చోట, అంటే సిల్వర్ బ్రిడ్జి కంటిరంధ్రంలో, మొరాండి కాంక్రీటు తొడుగులో.

పగులు చేసే చప్పుడు

నిర్మాణాన్ని వినే పద్ధతులు రెండు. మొదటిది కేవలం చెవి ఒగ్గి కూర్చోవడం. లోహంలో పగులు కొద్దిగా ముందుకు జరిగినా, కార్బన్ పోగుల మిశ్రమంలో ఒక పోగు తెగినా, అంతవరకు అక్కడ బిగిసి ఉన్న శక్తిలో కొంత తరంగంగా బయటపడుతుంది. దీన్ని ధ్వని ఉద్గారం అంటారు. 1950లో జర్మన్ పరిశోధకుడు జోసెఫ్ కైజర్ దీనిలో ఒక ఆసక్తికరమైన గుణాన్ని గమనించారు. ఒక లోహపు ముక్కపై ఒకసారి కొంత బరువు మోపి తీసేస్తే, మళ్లీ అంత బరువు దాటేవరకు అది దాదాపు మౌనంగానే ఉంటుంది. అందువల్ల రోజూ మోసే బరువుకే ఒక దూలం కొత్తగా చప్పుడు చేయడం మొదలుపెట్టిందంటే లోపల ఏదో మారిందని అర్థం.

రెండో పద్ధతిలో చెవి ఒక్కటే చాలదు, గొంతు కూడా కావాలి. ఒక చోట నుంచి అతిధ్వని తరంగాన్ని పంపి, మరో చోట అందుకుంటారు. మధ్యలో పగులో, పొరలు విడిపోవడమో ఉంటే అందిన తరంగం రూపం మారుతుంది. పలచని పలకల్లో ఇలా ప్రయాణించే తరంగాలను 1917లో ఇంగ్లండ్ గణిత శాస్త్రవేత్త హొరేస్ లాంబ్ వర్ణించారు. వాటికి ఆయన పేరే నిలిచింది. లాంబ్ తరంగాలు పలక రెండు ముఖాల మధ్య బందీలై సాగుతాయి కాబట్టి తక్కువ నష్టంతో చాలా దూరం వెళతాయి. విమానం రెక్క లాంటి విశాలమైన పలకను కొద్ది సెన్సర్లతో కాపలా కాయడం వీటివల్లే సాధ్యమవుతుంది.

ఇంతకాలం ఈ చెవి పాత్రను పోషించినవి పీజో విద్యుత్ స్ఫటికాలు, పింగాణీలు. నొక్కితే విద్యుత్తు పుట్టించే ఈ గుణాన్ని 1880లో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ సోదరులు కనుగొన్నారు. ఇవి చవక, సున్నితత్వం ఎక్కువ, ఆధారపడదగినవి. చిక్కంతా వాటి తీగలతో వస్తుంది. ప్రతి సెన్సర్‌కూ విడిగా రాగి తీగలు కావాలి, వంద సెన్సర్లు పెడితే తీగల బరువే భారమవుతుంది. భారీ మోటార్లు, హైవోల్టేజి పరికరాల పక్కన ఆ తీగలు యాంటెన్నాల్లా పనిచేసి రొదను మోసుకొస్తాయి. మండే వాయువులున్న చోట ఏ విద్యుత్ తీగనైనా అనుమానంతోనే చూడాలి. వేడి ఎక్కువైతే పీజో పింగాణీ తన గుణాన్నే కోల్పోతుంది.

గాజు పోగులో ఈ ఇబ్బందులేవీ లేవు. సెన్సర్ ఉన్న చోట విద్యుత్తు ఉండదు, ప్రయాణించేది కాంతి మాత్రమే. పిడుగుపాటు సమయంలోనూ, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకు పక్కనా అది కలవరపడదు. తుప్పు పట్టదు. ఒకే పోగుపై ఎన్నో సెన్సర్లను పేర్చవచ్చు.

కాంతి, అతిధ్వని కలిస్తే

కాంతికీ అతిధ్వనికీ మధ్య సంబంధాన్ని విప్పి చెప్పినవారిలో భారతీయులకు గట్టి స్థానమే ఉంది. ద్రవంలో అతిధ్వని తరంగాలు సాగుతుంటే, దానిగుండా వెళ్లే కాంతి పలు కిరణాలుగా చీలుతుందని 1932లో విదేశాల్లో ప్రయోగపూర్వకంగా కనిపించింది. ఎందుకలా జరుగుతుందో చక్కటి గణితంతో వివరించినది బెంగళూరులో సి.వి.రామన్, నాగేంద్రనాథ్. 1935, 36 సంవత్సరాల్లో భారతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వచ్చిన ఆ పరిశోధన పత్రాలు నేటికీ పాఠ్యాంశమే. ధ్వని తరంగం పదార్థాన్ని ఒకచోట నొక్కి, పక్కచోట సడలిస్తుంది. దాంతో వక్రీభవన గుణకం క్రమబద్ధంగా మారుతుంది. కాంతి ఆ మార్పును గమనిస్తుంది. ఫైబర్ సెన్సర్ల మూల సూత్రం కూడా ఇదే.

ఆప్టికల్ ఫైబర్ చరిత్రలోనూ పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ పేరుంది. 1954లో లండన్‌లో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి, గాజు పోగుల కట్ట ద్వారా బొమ్మను పంపవచ్చని ఆయన చూపించారు. చార్లెస్ కావ్ 1966లో చేసిన ప్రతిపాదనతో అది సమాచార సాధనమైంది. ఆ కృషికి కావ్‌కు 2009లో నోబెల్ వచ్చింది.

అయితే గాజు పోగును సెన్సర్‌గా మార్చిన మలుపు 1978లో కెనడాలో, దాదాపు అనుకోకుండా వచ్చింది. అక్కడి కమ్యూనికేషన్ల పరిశోధన కేంద్రంలో కెన్ హిల్ బృందం ఫైబర్‌లోకి లేజర్ కాంతిని పంపుతుండగా, కాలం గడిచేకొద్దీ వెనక్కి తిరిగివచ్చే కాంతి పెరగడం కనిపించింది. కాంతి తానే గాజులో ఒక శాశ్వతమైన చారల నమూనాను చెక్కుకుంటోందని తేలింది. 1989లో అమెరికాలో గెరాల్డ్ మెల్ట్జ్, ఆయన సహచరులు పక్కనుంచి అతినీలలోహిత కిరణాలతో ఆ చారలను కావలసిన కొలతలో ముద్రించే పద్ధతిని చూపారు. దాని పేరు ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్.

పోగు మందం 125 మైక్రోమీటర్లు, అంటే తల వెంట్రుక కంటే కాస్త లావు. దాని నడిమధ్య 9 మైక్రోమీటర్ల సన్నని గర్భంలో కాంతి ప్రయాణిస్తుంది. ఆ గర్భంలో సుమారు అర మైక్రోమీటరుకు ఒకటి చొప్పున చారలుంటాయి. 10 మిల్లీమీటర్ల గ్రేటింగ్‌లో అలాంటివి 18 వేలకు పైనే. ఒక్కో చార కాంతిలో అతి కొద్ది భాగాన్నే వెనక్కి పంపుతుంది. కానీ చారల దూరానికి సరిగ్గా సరిపోయిన తరంగదైర్ఘ్యం విషయంలో ఆ చిన్న ప్రతిఫలనాలన్నీ ఒకే అడుగులో పడి బలమైన ప్రతిబింబంగా తిరిగివస్తాయి. మిగతా రంగులు అడ్డులేకుండా ముందుకు సాగిపోతాయి. పోగును లాగితే చారల మధ్య దూరం పెరుగుతుంది, తిరిగొచ్చే రంగు మారుతుంది. ఆ మార్పును కొలిస్తే పోగు ఎంత సాగిందో తెలుస్తుంది.

లెక్కలో దాగిన కష్టం

ఇంజినీర్లు సాగుదలను వికృతి అంటారు. పదిలక్షల భాగాల్లో ఒక భాగం సాగితే అది ఒక మైక్రో వికృతి. సమాచార రంగంలో వాడే 1550 నానోమీటర్ల కాంతి విషయంలో, ఒక మైక్రో వికృతికి గ్రేటింగ్ రంగు 1.2 పికోమీటర్లు జరుగుతుంది. నానోమీటరులో వెయ్యో వంతు పికోమీటరు. వంతెనపై లారీ వెళితే ఉక్కు దూలంలో 100 మైక్రో వికృతి పుట్టిందనుకుంటే, రంగు 120 పికోమీటర్లు మారుతుంది. దీన్ని కొలవడం ఇప్పుడు మామూలు విషయమే.

అతిధ్వని తరంగం పుట్టించే వికృతి సాధారణంగా దీనికి వేల, లక్షల రెట్లు చిన్నది. కొన్నిసార్లు వంద కోట్ల భాగాల్లో ఒక భాగం, అంటే కిలోమీటరు పొడవున్న కడ్డీ ఒక మైక్రోమీటరు సాగినంత. అప్పుడు రంగు జరిగేది 0.0012 పికోమీటర్లు. లారీ బరువుకు కడ్డీ 10 సెంటీమీటర్లు సాగుతుంటే, ఆ సాగుదల మీద స్వారీ చేస్తున్న మైక్రోమీటరు వణుకును పట్టుకోవాలన్నమాట. అది కూడా సెకనుకు కొన్ని లక్షల సార్లు.

రంగును కొలిచే మామూలు పరికరాలకు ఈ వేగం, ఈ సూక్ష్మత రెండూ ఒకేసారి అందవు. అందుకే రూపకర్తలు రంగును నేరుగా కొలవరు. గ్రేటింగ్ ప్రతిబింబాన్ని గ్రాఫుగా గీస్తే అది ఒక నిటారైన కొండలా ఉంటుంది. సన్నని రంగుగల లేజర్‌ను సరిగ్గా ఆ కొండ వాలు మధ్యలో నిలబెడతారు. తరంగం వచ్చి కొండను అటూ ఇటూ కదిపితే, లేజర్ నిలిచిన చోట ఎత్తు మారుతుంది. అంటే తిరిగొచ్చే కాంతి తీవ్రత మారుతుంది. తీవ్రతను కొలవడానికి ఒక ఫోటో డయోడ్ చాలు, అది లక్షల కంపనాలను తేలిగ్గా అనుసరిస్తుంది. వాలు ఎంత నిటారుగా ఉంటే సెన్సర్ అంత చురుకు.

ఇక్కడే మొదటి పేచీ వస్తుంది. వాలు నిటారుగా ఉండాలంటే గ్రేటింగ్ పొడవుగా ఉండాలి. 10 మిల్లీమీటర్ల గ్రేటింగ్‌కు కొండ వెడల్పు నానోమీటరులో పదో వంతు మాత్రమే. పొడవును ఒక మిల్లీమీటరుకు తగ్గిస్తే వెడల్పు దాదాపు పదిరెట్లు అవుతుంది, వాలు చదునైపోతుంది. మరి పొడవుగానే ఉంచవచ్చు కదా అంటే, ధ్వని ఒప్పుకోదు. తరంగం సాగేటప్పుడు ఒకచోట లాగుతుంది, పక్కన నొక్కుతుంది. ఆ రెండూ ఒకే గ్రేటింగ్ పొడవులో ఇమిడితే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. సెన్సర్‌కు ఏమీ జరగనట్లే కనిపిస్తుంది. అల్యూమినియం పలకలో వేగవంతమైన లాంబ్ తరంగం సెకనుకు సుమారు 5,400 మీటర్లు వెళుతుంది. 300 కిలోహెర్ట్జ్ వద్ద దాని తరంగదైర్ఘ్యం 18 మిల్లీమీటర్లు. తరంగదైర్ఘ్యం గ్రేటింగ్ కంటే కనీసం ఆరేడు రెట్లు ఉండాలన్నది రూపకర్తలు పాటించే మోటు లెక్క. దాని ప్రకారం గ్రేటింగ్ మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. ఒక మెగాహెర్ట్జ్ వినాలంటే ఒక మిల్లీమీటరు కంటే తక్కువే ఉండాలి.

ఈ ముడిని విప్పిన ఉపాయం చారల వరుస మధ్యలో ఉద్దేశపూర్వకంగా సగం అడుగు తప్పించడం. సైనికుల కవాతులో సగం మంది ఒక అడుగు వెనక పడినట్లు, చారల రెండు సగాలు ఎదురెదురు అద్దాలుగా మారతాయి. వాటి మధ్య ఒకే ఒక రంగు కాంతి చిక్కుకుని ఊగిసలాడుతుంది. ఫలితంగా ప్రతిబింబపు కొండ నడుమ సన్నని లోయ ఏర్పడుతుంది. దాని వెడల్పు కొద్ది పికోమీటర్లు, ఒక్కోసారి అంతకంటే తక్కువ. లోయ గోడలు కొండ వాలు కంటే ఎన్నో రెట్లు నిటారు. పైగా కాంతి ఎక్కువగా మధ్య బిందువు చుట్టూనే పోగవుతుంది కాబట్టి, గ్రేటింగ్ పొడవుగా ఉన్నా వినే భాగం పొట్టిదే. ఫేజ్ షిఫ్టెడ్ గ్రేటింగ్ అని పిలిచే ఈ రకమే నేటి పరిశోధనల్లో అత్యంత చురుకైన చెవుల్లో ఒకటి.

జారిపోయే లేజర్

చురుకుదనం పెరిగేకొద్దీ నిలకడ తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం ఉక్కు దూలం చెయ్యి ఆనించలేనంతగా కాగుతుంది. ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు గ్రేటింగ్ రంగు సుమారు 10 పికోమీటర్లు జరుగుతుంది. ఉక్కుకు అతికించి ఉంటే ఉక్కు వ్యాకోచం కూడా తోడై ఇంకా ఎక్కువ. తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ 20 డిగ్రీల తేడా ఉంటే కొండ 200 పికోమీటర్లకు పైగా పక్కకు జరిగిపోతుంది. పొద్దున్న వాలు మధ్యలో నిలబెట్టిన లేజర్ మధ్యాహ్నానికి మైదానంలో ఉంటుంది. అక్కడ నిలబడి ఎంత విన్నా ఏమీ వినబడదు. ఫోటో డయోడ్ తర్వాత ఫిల్టర్ పెట్టి నెమ్మదైన మార్పులను వడగట్టడం ఇందుకు మందు కాదు. లేజర్ వాలు మీద లేనప్పుడు వడగట్టడానికి సంకేతమే ఉండదు.

దీనికి ఎక్కువగా వాడే పరిష్కారం లేజర్‌ను కొండ వెంట నడిపించడం. తిరిగొచ్చే కాంతి సగటు తీవ్రతను గమనిస్తూ, లేజర్ రంగును సర్దుతూ ఉండే నియంత్రణ వలయం ఉంటుంది. అది ఎండకూ లారీలకూ స్పందించేంత వేగంగా ఉండాలి, అతిధ్వనిని మింగేసేంత వేగంగా ఉండకూడదు. ప్రయోగశాల బల్ల మీద ఇది చక్కగా పనిచేస్తుంది. రైలు దడదడలాడుతూ దాటే వంతెన మీద ఒక్క క్షణం పట్టు తప్పితే, మళ్లీ వాలును వెతుక్కునేలోగా వినవలసిన పగులు చప్పుడు దాటిపోవచ్చు. అన్నిటికంటే పెద్ద కుదుపు వచ్చిన క్షణంలోనే పగులు కూడా పెరిగే అవకాశం ఎక్కువ అన్నది ఇక్కడి ఇరకాటం. లేజర్ ధర కూడా తక్కువేమీ కాదు. ఒక లేజర్ ఒక సమయంలో ఒక గ్రేటింగ్ వాలు మీదే నిలబడగలదు. అందుకే ఒకే పోగుపై ఎన్నో సెన్సర్లు అన్న ఆకర్షణ, అతిధ్వని దగ్గరికి వచ్చేసరికి చాలావరకు కాగితానికే పరిమితమవుతోంది.

మరో పరిష్కారం చాలా నాజూకైనది, అందుకే ముచ్చటగొలిపేది. గ్రేటింగ్‌ను నిర్మాణానికి అతికించనే అతికించరు. దానికి కొంత దూరంలో పోగును ఒకే ఒక్క చుక్క జిగురుతో అంటించి, గ్రేటింగ్ ఉన్న భాగాన్ని వదులుగా వదిలేస్తారు. లోహంలో వచ్చిన అతిధ్వని ఆ జిగురు చుక్క దగ్గర పోగులోకి ఎక్కి, గాజు వెంట సెకనుకు అయిదు కిలోమీటర్లకు మించిన వేగంతో గ్రేటింగ్ దాకా ప్రయాణిస్తుంది. చిన్నప్పుడు అగ్గిపెట్టెలకు దారం కట్టి ఆడుకున్న టెలిఫోన్ ఆట గుర్తున్నవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఇక్కడ ఒకే పోగు కాంతికీ శబ్దానికీ దారి. లారీ బరువుకు దూలం ఎంత సాగినా వదులుగా ఉన్న గ్రేటింగ్ సాగదు, లేజర్ వాలు మీదే ఉంటుంది. ఎండ ప్రభావం మాత్రం పూర్తిగా పోదు. జిగురు దగ్గర తరంగంలో కొంత నష్టమవుతుంది, వదులుగా వేలాడే పోగు గాలికి ఊగకుండా చిన్న గొట్టంలో దాచాలి, పోగు చివర నుంచి వచ్చే ప్రతిధ్వనిని అణచాలి. అయినా వంతెనల వంటి ఆరుబయటి నిర్మాణాలకు ఇది మరింత ఆచరణయోగ్యమైన దారి.

జిగురు సంగతి పరిశోధన పత్రాల్లో ఒక్క వాక్యంలో ముగుస్తుంది. క్షేత్రంలో పనిచేసేవారికి అదే సగం పని. గుండ్రటి పోగు చదునైన ఉక్కును ఒక గీత వెంబడే తాకుతుంది. మిగతా సంబంధమంతా జిగురుదే. పొర మందంగా ఉంటే తరంగం అందులోనే అణగిపోతుంది, పలచగా ఉంటే పట్టు చాలదు. పోగుపై రక్షణగా ఉండే మెత్తని ప్లాస్టిక్ పూతను అలాగే ఉంచితే అది శబ్దానికి పరుపులా అడ్డుపడుతుంది. ఒలిచేస్తే గాజు పెళుసుగా మారి, చిన్న గీత పడినా విరుగుతుంది. క్షణాల్లో అంటుకునే జిగురు తేమకూ వేడికీ కొన్నాళ్లకు బలహీనపడుతుంది. ఎపాక్సీ ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ తుప్పు గీకి, నూనె తుడిచి, గంటల తరబడి కదలకుండా పట్టి ఉంచాలి. నదిపై వేలాడే పరంజా మీద ఆ ఓపిక ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

మిశ్రమ పదార్థాలకు ఇంకో వీలుంది. బోయింగ్ 787 విమానం బరువులో దాదాపు సగం కార్బన్ పోగుల మిశ్రమం వంటివే. ఇలాంటి రెక్కపై పనివాడి చేతిలోంచి పనిముట్టు జారిపడితే పైకి గీత కూడా కనబడకపోవచ్చు, లోపల పొరలు విడిపోతాయి. పొరలు పేర్చేటప్పుడే గాజు పోగును మధ్యలో పెట్టేస్తే జిగురు సమస్య ఉండదు. కానీ ఒక్కో పొర మందం కూడా 125 మైక్రోమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది. కార్బన్ పోగులకు అడ్డంగా గాజు పోగును పెడితే దానికి రెండువైపులా రెజిన్ నిండిన సందు ఏర్పడి, కాపలాదారే బలహీనతకు కారణమయ్యే ప్రమాదముంది. అందుకే సాధ్యమైనంతవరకు పోగుల దిశలోనే పెడతారు, లేదా ఇంకా సన్నని ఫైబర్లను ఎంచుకుంటారు.

ఎటు నుంచి వచ్చింది?

పీజో సెన్సర్ బిళ్ల నాలుగు దిక్కుల నుంచీ దాదాపు ఒకేలా వింటుంది. గాజు పోగు అలా కాదు. పొడవు దిశలో వచ్చే తరంగాన్ని పూర్తిగా, 45 డిగ్రీల వాలుగా వచ్చేదాన్ని సగం, అడ్డంగా వచ్చేదాన్ని దాదాపు శూన్యంగా వింటుంది. లోపంలా కనిపించే ఈ గుణాన్ని రూపకర్తలు లాభంగా మలిచారు. మూడు గ్రేటింగ్‌లను వేర్వేరు కోణాల్లో గుత్తిగా అమర్చి, వాటి సంకేతాల నిష్పత్తిని చూస్తే శబ్దం వచ్చిన దిశ తెలుస్తుంది. రెండు చోట్ల అలాంటి గుత్తులుంటే, రెండు దిశల గీతలు కలిసే చోటే పగులు. లేదంటే వేర్వేరు సెన్సర్లకు తరంగం చేరిన సమయాల తేడాను బట్టి చోటును లెక్కించవచ్చు. సెకనుకు అయిదు కిలోమీటర్ల వేగంలో పది మైక్రోసెకన్ల తేడా అంటే అయిదు సెంటీమీటర్లు. అంతటి నిశితత్వం కోసం సెకనుకు పదిలక్షల నమూనాలు తీసుకోవాలి. ఒక్కో నమూనాకు రెండు బైట్లు చొప్పున ఒక్క సెన్సర్ రోజుకు 172.8 గిగాబైట్ల సమాచారాన్ని పోగుచేస్తుంది. అదంతా దాచడం వృథా. సంకేతం ఒక హద్దు దాటినప్పుడే నమోదు చేసేలా అమరుస్తారు. ఆ హద్దు ఎక్కడ పెట్టాలో నిర్ణయించడానికి వాన చినుకులు, బోల్టుల ఒరిపిడి, టైర్ల రాపిడి ఎలా వినిపిస్తాయో ముందు నెలల తరబడి నేర్చుకోవాలి.

పైపులైన్లు, సరిహద్దు కంచెల వెంట కిలోమీటర్ల కొద్దీ పోగునే సెన్సర్‌గా వాడే మరో విధానం ఇటీవల ప్రచారంలో ఉంది. గ్రేటింగ్‌లు లేకుండా, గాజులో సహజంగా చెదిరి వెనక్కి వచ్చే కాంతిని అది వింటుంది. దాన్నే వంతెనకు వాడితే సరిపోదా అన్న ప్రశ్న సహజం. అడ్డుపడేది కాంతి వేగమే. గాజులో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు వెళుతుంది. పది కిలోమీటర్ల పోగు చివరి దాకా వెళ్లి రావడానికి 100 మైక్రోసెకన్లు పడుతుంది. ఒక పల్స్ తిరిగొచ్చాకే మరోటి పంపాలి కాబట్టి సెకనుకు పదివేలకు మించి పంపలేరు. దాంతో వినగలిగేది 5 కిలోహెర్ట్జ్ వరకే. అడుగుల చప్పుడు, తవ్వకాల శబ్దం, భూకంప తరంగాలు వినడానికి అది చాలు. ఉక్కులో పగులు పలికే భాష దానికి చాలా పైన ఉంటుంది.

మన దేశంలో ఈ పరిజ్ఞానానికి కావలసిన పునాదులు విడివిడిగా ఉన్నాయి. కోల్‌కతాలోని కేంద్రీయ గాజు, సిరామిక్ పరిశోధన సంస్థ ఫైబర్లు, గ్రేటింగ్‌లపై చాలాకాలంగా పనిచేస్తోంది. మద్రాస్ ఐఐటీలో పదార్థాన్ని పాడుచేయకుండా పరీక్షించే పద్ధతులకు ప్రత్యేక కేంద్రమే ఉంది, గైడెడ్ తరంగాలపై అక్కడ విస్తృతంగా పరిశోధన జరిగింది. బరువుకూ వేడికీ స్పందించే గ్రేటింగ్ సెన్సర్లు వంతెనలు, సొరంగాల్లో ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. అతిధ్వనిని వినే రకం మాత్రం ప్రపంచమంతటా ఎక్కువగా ప్రయోగశాలల్లోనూ, పరీక్షా వేదికలపైనే ఉంది. పీజో సెన్సర్ హాయిగా పనిచేసే చోట దాన్ని తీసేసి గాజు పోగు పెట్టడంలో అర్థం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి విద్యుత్ స్ఫులింగాలను వినడం, అతి శీతల ఇంధన ట్యాంకులు, తీగల బరువును సహించని మిశ్రమ నిర్మాణాలు వంటి చోట్లే ఇది ముందుగా నిలదొక్కుకునే అవకాశం ఉంది.

ఆ తర్వాత కూడా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. ఏళ్ల తరబడి సెన్సర్ నుంచి ఏ చప్పుడూ రాకపోతే, వంతెన ఆరోగ్యంగా ఉందనుకోవాలా, జిగురు ఊడిపోయిందనుకోవాలా? దీనికి పరీక్షకుల దగ్గరున్న సాధనం ఆశ్చర్యకరంగా చవకైనది. అర మిల్లీమీటరు ములుకు వేసుకునే మెకానికల్ పెన్సిల్‌ను సెన్సర్ పక్కన ఉక్కుకు ఆనించి, ములుకును టక్కున విరుస్తారు. ఆ చిన్న విరుపు పుట్టించే తరంగం పగులు చప్పుడును చాలా దగ్గరగా పోలి ఉంటుందని, ప్రతిసారీ దాదాపు ఒకేలా ఉంటుందని ఎప్పుడో గుర్తించి దాన్ని ప్రామాణిక పరీక్షగా స్వీకరించారు. లక్షల రూపాయల లేజర్‌ను అమర్చిన ఇంజినీరు కూడా నిచ్చెనెక్కి, పెన్సిల్ ములుకు విరిచి, కింద తెర ముందు కూర్చున్న సహచరుణ్ని కేకేసి అడుగుతాడు, గీత కదిలిందా అని.